జయానందం చేసిన చెవి మిషన్

మెదక్‌ల రేడియో చెడిపోతె జయానందం దగ్గరికే పోవాలె. చర్చి రోడ్డుల ఆయన దుకాణం. సెట్టు ఇప్పకముందే ఆన్ చేసి, కండ్లు మూసుకొని జరసేపు వినేటోడు. "కండెన్సర్ పోయింది" అన్నడంటె కండెన్సరే పోయి ఉండేది. గసువంటి చెవి ఆయనది. తర్వాత బయటి దేశాల సరుకు గేట్లు ఎత్తినట్టు వచ్చి పడ్డది. రేడియోలు పోయినయి, కలర్ టీవీలు వచ్చినయి, ఇంటికి రెండు సెల్‌ఫోన్లు వచ్చినయి. బాగు చేయించుడు కంటె కొత్తది కొనుడే నయమని జనం అంటుంటె ఆయనకు ఒళ్లు మండేది. "పారేసుడు నేర్చిండ్రు, బాగు చేసుడు మర్చిండ్రు" అని రోడ్డున పోయెటోళ్లను పట్టుకొని తిట్టేటోడు. పాపం, వాళ్లేం చేస్తరు?

ఆయన భార్య లిడియా సర్కారు బడిల టీచరు. పై తరగతి తీసుకోండ్రి మేడం అంటె వద్దని ఒకటో తరగతినే పట్టుకున్న మనిషి. పిల్లలు కూడబలుక్కుంట చదువుతుంటె, బోర్డు దిక్కు తిరిగి రాస్తనే, "ఏయ్, అది స కాదు, ష. నాలిక మలిచి అను" అనేది. టీచర్‌కు వెనక కూడ చెవులున్నయా అని పిల్లలు గుసగుసలు పెట్టుకునేటోళ్లు. అదీ వినబడేది ఆమెకు.

అసువంటామెకు చెవి తగ్గుడు మొదలైంది. నరం దెబ్బతిన్నది, మెల్లమెల్లగ తగ్గుతదే గని మళ్ల రాదు అని హైదరాబాద్ దవాఖానల చెప్పిండ్రు. మిషన్ కొని పెట్టుకుంటె బెంచీల చప్పుడు, ఫ్యాన్ చప్పుడు, బయట ఆటోల చప్పుడు అంత ఒక్కసారే చెవిల పడేది. చదివే పిల్ల గొంతు అండ్ల మునిగిపోయేది. ఆమె ఒక్కటే మాటన్నది. "పిల్లలు చదివేది వినబడనినాడు నేను బడికి పోను. వినకుండ కుర్చీల కూసొని జీతం తినుడు నాతోని కాదు."

లిడియా అన్నదంటె అన్నదే. అది ఎరిక కాబట్టే జయానందం దుకాణం షట్టర్ సగం దించి పనికి కూసున్నడు. చదివే పిల్ల మెడల ఒక చిన్న మైకు డబ్బి, టీచర్ చెవికి ఇంకో డబ్బి. పిల్ల మాట రేడియో స్టేషన్ లెక్క గాలిల పోయి సీదా ఆమె చెవిలకే రావాలె, నడుమ ఫ్యానూ బెంచీ రావొద్దు. మాట వచ్చింది. మాటతోని పాటు ఈల కూడ వచ్చింది. సన్నగ, సూది గుచ్చినట్టు, ఇడువకుండ, ఇద్దరికీ వినబడ్డది.

అసలు సంగతి మల్లేశం చెప్పిండు. మల్లేశం వాళ్ల గల్లీల పెరిగినోడే, హైదరాబాద్‌ల కంపెనీల ఇంజనీరు. "అన్నా, నీ డబ్బిల ఉన్న చిప్పు లోపల ఒక గడియారం ఉంటది. టైం చూపెట్టేది కాదు, టిక్కు టిక్కుమని తాళం వేసేది. అది ఎప్పుడూ ఒక్క తీరుగనే కొడ్తది, అందుకే దాని లొల్లంత ఒక్క జాగలనే పడ్తది. ఆ జాగ నీ స్టేషన్ మీదనే ఉన్నది. తాళాన్ని జర అటిటు ఊపు. లొల్లి పోదు గని పల్చబడ్తది. బకెట్ నీళ్లు ఒక్కకాడ కుమ్మరిస్తె మడుగైతది, వాకిలంత చల్లితె జర తడే అయితది, చూడు."

జయానందం ఊపిండు. కాని మెల్లగ ఊపిండు. ఈల పోయి గుర్రు వచ్చింది. లిడియా చెవికి పెట్టుకొని కడుపుబ్బ నవ్వింది. "ఏమయ్యో, నీ డబ్బిల పిల్లి పండుకున్నది!" ఫోన్ చేస్తె మల్లేశం కూడ నవ్వి, "మనిషి చెవికి అందనంత జోరుగ ఊపాలె అన్నా. శాన దూరం ఊపకు, చిప్పు ఆగమైతది" అన్నడు.

గంతల తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బడులు బందు, బస్సులు బందు, ఊరంత చౌరస్తా టెంటు కిందనే. లిడియా కూడ టీచర్లతోని పోయి కూసునేది. పాటలు నడుస్తుంటె పక్కోళ్ల చేతులు చూసి చప్పట్లు కొట్టేది. జయానందం ఇంట్ల కూసొని తాళం ఊపే సర్క్యూట్ మళ్ల మొదటినుంచి కట్టిండు. కట్టినంక తను విననన్న వినలేదు. పుట్టినకాడినుంచి చెవినే నమ్ముకున్న మనిషి, ఆమె మొఖం చూడాలన్న ఆత్రంల పోయి ఆమె చెవికి తగిలించిండు.

"ఈల ఉన్నదా?"

ఆమె కండ్లు మూసుకొని విన్నది. "లేదు. లేదయ్యా, అస్సలే లేదు!"

తెల్లారి ఆయన టెంటుకు జిలేబీ పట్టుకపోయి అందరికీ పంచిండు. "తెలంగాణ కంటె ముందు మీ పనే అయిపాయె మేడం" అని టీచర్లు పరాచికాలాడిండ్రు. జయానందం ఎన్నేండ్లకో మనసార నవ్విండు.

సమ్మె ఆగి బడి తెరుస్తరనంగ, గట్టి డబ్బిల పెట్టిద్దామని మిషన్ ఇప్పిండు. తాళం ఊపే తీగ అతుకనే లేదు. సోల్డరింగ్ పైపైన కూసున్నది, అంతే. ఇన్ని దినాలు ఊపుడే కాలేదన్నట్టు. ఆయన డబ్బి చెవికి పెట్టుకున్నడు. ఈల. మొదటి దినం ఎట్లున్నదో అట్లనే.

అయ్యో దేవా! ఈల పోలేదు, ఆ సన్నటి చప్పుడు వినే శక్తే ఆమెకు పోయింది. పిల్లల నోట్ల స, ష కూడ అసువంటి సన్నటి చప్పుళ్లే కద. జయానందం సోల్డరింగ్ ఇనుము వేడి పెట్టిండు. తీగను గట్టిగ అతికిచ్చిండు. ఈసారి ఈల నిజంగనే పోయింది. మైకు వంటింట్ల గూట్ల ఉన్నది. లిడియా బియ్యం చెరుగుతున్నది. చాట చప్పుడు, గాజుల చప్పుడు, ఆమె ఊపిరి, అన్ని వినబడ్డయి. ఆయన పుట్టినంక చేసిన పనులల్ల గసువంటి పని ఇంకోటి లేదు. టేబుల్ మీద తల పెట్టి ఏడ్చిండు.

ఆమెకిచ్చి చూడమన్నడు. "మొన్నటి లెక్కనే ఉన్నది, మంచిగున్నది" అన్నది. ఆయన మిషన్‌ను గట్టి డబ్బిల పెట్టి మూసిండు.

బడి తెరిచిన దినం సాయంత్రం లిడియా వచ్చి మిషన్‌ను ఆయన ముందట పెట్టింది. "పిల్లలు నోర్లు ఆడిస్తున్నరు. ఏం చదువుతున్నరో సమజైతలేదు."

"తప్పు మిషన్‌ది" అన్నడు జయానందం. ఆయన పనిల తప్పున్నదని ఆయన నోట ఎవ్వరూ వినలేదు అప్పటిదాక. "ఇంకా జర పనున్నది. చేస్త."

ఆమె ఆయన పెదవులు చూసింది, కండ్లు చూసింది. "నాతోని అబద్ధమాడకు. ఈల నాకు వినబడలేదు, అంతే గద?"

ఆయన తల ఊపిండు. ఇద్దరూ శానసేపు ఏడ్చిండ్రు.

"రేపు నువ్వు బడికి రా" అన్నది ఆఖరికి. "నువ్వు పెట్టుకో. వాళ్లు ఎట్ల చదువుతున్నరో ఒక్కసారి నాకు చెప్పు. తర్వాత రాజీనామా కాయితం రాసిస్త."

తెల్లారి జయానందం ఆమె కుర్చీ పక్కన కూసున్నడు. ఒక చిన్నపిల్ల మైకు మెడల వేసుకొని లేసి నిలబడ్డది. ఈల లేదు, గుర్రు లేదు. పిల్ల ఊపిరి తీసుకున్నది కూడ ఆయనకు వినబడ్డది. లిడియా మాత్రం పిల్లను చూస్తలేదు, ఆయన మొఖమే చూస్తున్నది.

"మంచిగ చదువుతున్నదా?" అన్నది.

"మస్తు చదువుతున్నదే" అన్నడు జయానందం. అంత సాఫుగ వినుడు ఆయనతోని కాలేదు. డబ్బి తీసి ఒళ్లె పెట్టుకున్నడు. పిల్ల చదువుతనే ఉన్నది.