మోకాళ్ళ సెట్టు

శంషాబాద్ బస్టాండు దాటాక ఉన్న ఆ మందుల షాపాయన చూపుడు వేలు నాకింకా గుర్తుంది. ఆ వేలు నాలుకకు అద్దుకుని, పాత నోటుబుక్కు కాగితాల్లోంచి ఒక ముక్క లాగేవాడు. అదే వేలితో డబ్బాల్లోంచి గోలీలు తీసి ఆ కాగితంలో వేసి, పొట్లం మడిచి ఇచ్చేవాడు. దాన్ని మా దగ్గర సెట్టు అంటారు. జ్వరానికి ఒక సెట్టు, దగ్గుకు ఒక సెట్టు, మోకాళ్ళకు ఒక సెట్టు. ఏ గోలీ పేరేమిటో కొనేవాళ్ళు అడగరు, అమ్మేవాడు చెప్పడు. షీటు మీద పేరుంటే ఎవరైనా చదువుతారని కాబోలు, షీట్లన్నీ ముందే చించి గోలీలు డబ్బాల్లో పోసి పెట్టుకునేవాడు.

ఇది రోత పని అని నాకు తోచడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు తలుచుకుంటే అదే నాకు ఎక్కువ రోత. ఎందుకంటే ఏడాదికి పైగా అమ్మ కోసం ఆ పొట్లం తెచ్చింది నేనే.

మాది తొండుపల్లి. విమానాశ్రయం వచ్చాక చుట్టుపక్కల పొలాలు పోయాయి, వాటితో పాటు అమ్మ చేసే కూలి పనీ పోయింది. ఎయిర్‌పోర్టు దారిలో ఒక హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే చోట పని దొరికింది. మిషన్లే ఉతుకుతాయి గానీ, తడి దుప్పట్లు లాగి, దులిపి, మడతపెట్టేది మనుషులే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉండాలి. రెండేళ్ళు తిరిగేసరికి అమ్మ బాత్రూములో కూర్చుంటే గోడ పట్టుకుని గానీ లేవలేకపోయేది. పక్కన పనిచేసే ఆమె ఎవరో ఈ సెట్టు సంగతి చెప్పింది. మొదటి పొట్లం వేసుకున్న మర్నాడే అమ్మ మెట్లు ఎక్కి దిగింది.

"దేవుడు మంచోడు బిడ్డా. గోలీలు గిట్ల పనిచేస్తయని నాకు ఎరుకనే లేకపాయె" అంది.

పొట్లంలో నాలుగు ఉండేవి. ఒక ఎర్రది, ఒక పసుప్పచ్చది, ఒక పొడుగాటి క్యాప్సూలు, కందిగింజంత కూడా లేని ఒక తెల్లది. పొద్దున టీ తాగి, అరచెయ్యి చాపితే నేను పొట్లం విప్పి చేతిలో పోసేదాన్ని. నాలుగూ ఒకేసారి నోట్లో వేసుకుని చెంబెత్తి తాగేది.

కొన్నాళ్ళకు అమ్మ ముఖం నిండుగా తయారైంది. దవడలు ఉబ్బి, బుగ్గలు నున్నగా మెరిసేవి. ఆదివారం ప్రార్థనకు పోతే ఆడవాళ్ళందరూ అదే మాట. "ఏందక్కా, ఒళ్ళు చేసినవ్. హోటల్ తిండి మంచిగ పట్టినట్టుంది" అనేవాళ్ళు. అమ్మ సిగ్గుపడుతూ కొంగు సర్దుకునేది. నాకూ గర్వంగానే ఉండేది. పుట్టినప్పటి నుంచి ఎముకలు కనిపించే అమ్మనే చూశాను మరి. ఆమె చేతులు మాత్రం సన్నగానే ఉన్నాయని, దుప్పటి అంచు గీసుకున్నా చర్మం నల్లగా కమిలిపోతోందని చూశాను గానీ, ఆ రెండింటినీ ముఖంతో కలిపి ఆలోచించలేదు.

అప్పుడు నేను డి-ఫార్మసీ రెండో ఏడు. గగన్‌పహాడ్ వైపు, కింద టైల్సు గోదాము, పైన మా కాలేజీ. లారీ దిగుమతి జరిగినప్పుడల్లా బెంచీల మీద తెల్లటి దుమ్ము పేరుకునేది. ల్యాబు ఉంది గానీ దానికి తాళం ఉండేది, ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వచ్చినప్పుడు తీసేవాళ్ళు. ఫార్మకాలజీ చెప్పే సారు కుర్చీలో వెనక్కి వాలి, పాత ప్రశ్నపత్రాల కట్ట ఒళ్ళో పెట్టుకుని పాఠం మొదలుపెట్టేవాడు. పుస్తకంలో ఏ పేరా దగ్గర పెన్సిలుతో టిక్కు పెట్టాలో, ఏది కొట్టేయాలో చెప్పడమే పాఠం. నొప్పి మందుల్లో రకాలు, టిక్కు. యాంటీబయాటిక్కుల వర్గీకరణ, రెండు టిక్కులు. ఎసిడిటీ మందులు ఎలా పనిచేస్తాయి, చిన్న ప్రశ్న, టిక్కు. నలభై మందిమి తలెత్తకుండా టిక్కులు పెట్టుకునేవాళ్ళం. ఆయన మీద మాకు చిరాకేమీ లేదు. పైగా పాస్ చేయించే సారని మంచి పేరు.

స్టెరాయిడ్ల పాఠం రోజు వాడుకలకు ఒక టిక్కు, దుష్ఫలితాలకు రెండు టిక్కులు పెట్టించాడు. తర్వాత పేజీ తిప్పి, "ఇక్కడి నుంచి చివరి దాకా ఎప్పుడూ రాలేదు, కొట్టేయండి" అన్నాడు. నాకు అడ్డదిడ్డంగా గీయడం నచ్చదు. స్కేలు పెట్టి, ఆ మూలనుంచి ఈ మూలకు నీటుగా గీత గీశాను.

దుష్ఫలితాలు మాత్రం గట్టిగా చదివించాడు. ముఖం గుండ్రంగా ఉబ్బడం. చేతులు, కాళ్ళు సన్నబడడం. చర్మం పల్చబడి కమలడం. షుగరు పెరగడం, బీపీ పెరగడం, ఎముకలు గుల్లబారడం. మూడోది చదివాక నేను ఆగిపోయాను. మిగిలినవాళ్ళు చదువుతూనే ఉన్నారు. పరీక్ష కోసం వల్లెవేస్తున్న ఆ లిస్టు మా అమ్మ ఒంటి మీద ఒక్కొక్కటిగా ఉంది.

కాలేజీ అయిపోగానే ఇంట్లోంచి ఒక పొట్లం తీసుకుని షాపుకు పోయాను. పొట్లం విప్పి కౌంటరు మీద పెట్టి, "అన్నా, ఈ తెల్లది ఏం గోలీ?" అని అడిగాను.

"పవర్ గోలీ చెల్లె."

"పేరేంది?"

"పేరుతోని నీకేం పని? అమ్మకు నొప్పి పోయిందా లేదా?" అని, నాలుకకు వేలు అద్దుకుని ఇంకొకరికి పొట్లం కట్టసాగాడు.

ఆ తడి వేలు చూస్తూ నా పొట్లం మడిచి వెనక్కి తీసుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ ఉమ్మి తగిలిన గోలీలే అమ్మ అరచేతిలో పోశాను. ఇంటికి వచ్చి మిగిలిన పొట్లాలన్నీ తీసి బయట మోరీలో పారబోశాను. ఎర్రవి, పచ్చవి నల్లటి నీళ్ళలో కరిగి రంగులు తేలుతుంటే ఏదో ఘనకార్యం చేసినట్టు నిలబడి చూశాను.

అమ్మ పని నుంచి వచ్చి భయపడింది. "అవి లేకుంటే నేను నిలబడలేను బిడ్డా" అంది.

"నువ్వు తింటున్నది విషం. ముఖం బాగైంది అనుకుంటున్నవ్, అది బాగు గాదు, వాపు. రేపటి నుంచి ఒక్కటి గూడ ముట్టొద్దు" అన్నాను. పుస్తకం తెరిచి, టిక్కులున్న పేజీ చూపించాను. అమ్మకు చదువు రాదు. అయినా ఆ పేజీ వైపు చాలాసేపు చూసి తల ఊపింది.

రెండో రోజు ఒళ్ళంతా నొప్పులంది. మూడో రోజు అన్నం చూస్తే వాంతి వస్తోందని పళ్ళెం పక్కకు జరిపింది. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయంది. "అలవాటైన ఒళ్ళు గదా, ఓర్చుకోవాలె" అని నేను నచ్చజెప్పాను. నాలుగో రోజు పొద్దున పనికి పోలేనంటే, పోతేనే సర్దుకుంటుందని చీర మడత తీసి చేతికిచ్చింది నేనే. ఈ ముక్క రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు.

మధ్యాహ్నం తడి దుప్పట్ల బండి పక్కన పడిపోయిందట. పనివాళ్ళు ఆటోలో దగ్గర్లోని ఒక చిన్న దవాఖానకు తెచ్చారు. నేను పోయేసరికి సెలైన్ ఎక్కుతోంది. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ బీపీ మళ్ళీ చూసి, "బాగా పడిపోయింది. రోజూ ఏమైనా మాత్రలు వాడేవారా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపు అమ్మే చెప్పింది. గొంతు పీలగా ఉంది గానీ, అందులో గర్వం నాకు స్పష్టంగా వినబడింది. "మోకాళ్ళకు గోలీలు ఏసుకునేదాన్ని మేడం. ఏడాది ఏసుకున్న. నా బిడ్డ ఆపమన్నది, ఆపిన. మందుల చదువు చదువుతుంది."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఏం చదువుతున్నావు?"

"డి-ఫార్మసీ మేడం. రెండో సంవత్సరం."

"స్టెరాయిడ్లు చెప్పారా?"

"చెప్పారు మేడం."

"ఒక్కసారిగా ఆపకూడదని చెప్పలేదా?"

ఆమె నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. ఇంజెక్షను సిద్ధం చేస్తూనే, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ఒంటికి కావలసినంత స్టెరాయిడ్‌ను మూత్రపిండాల మీదుండే చిన్న గ్రంథులు తయారుచేస్తాయి. బయటి నుంచి నెలల తరబడి మాత్రలు పడుతుంటే అవి పని మానేస్తాయి. అప్పుడు మాత్ర తటాలున ఆపితే బయటిదీ ఉండదు, లోపలిదీ ఉండదు. మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతే ఆ గ్రంథులు మెల్లగా పని అందుకుంటాయి. "ఇంకొంచెం ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. ఏ మాత్ర, ఎంత మోతాదు అన్నది కనుక్కుని రా" అంది.

కనుక్కోవడానికి నా దగ్గర ఒక్క గోలీ మిగలలేదు. మళ్ళీ ఆ షాపుకే పోయాను.

సంగతి వినగానే షాపాయన వేలు నోటి దాకా పోయి ఆగింది. "ఒక్కసారి బంద్ చేస్తరా చెల్లె? గవి మెల్లగ తగ్గియ్యాలె. జర నన్ను అడిగినా చెప్తుంటి గదా" అన్నాడు. ఆ మాటలో నటన ఏమీ లేదు, నిజంగానే బాధపడ్డాడు. గోలీ పేరు, మోతాదు కాగితం ముక్క మీద రాసి ఇచ్చాడు. స్పెల్లింగు కూడా తప్పు లేదు.

వాడికి తెలుసు. ఏం అమ్ముతున్నాడో తెలుసు, ఎలా ఆపాలో తెలుసు, తెలిసే పేరు దాచి ఏడాది పాటు మా అమ్మకు పోశాడు. వాడి ముఖాన ఉమ్మేయాలనిపించింది. కానీ ఏ ముఖంతో ఉమ్మాలి? వాడికి తెలిసిన ముక్క కూడా తెలియకుండా అమ్మకు వైద్యం చేసింది నేను. ఆ కాగితం ముక్క పట్టుకుని, థాంక్స్ అన్నా, అని చెప్పి వచ్చాను. ఆ థాంక్స్ చెప్పిన నోరు రోజంతా చేదుగానే ఉంది.

ఆ సాయంత్రం అమ్మ మంచం పక్కన కూర్చుని పుస్తకం తీశాను. స్కేలు గీత కింద అంతా ఉంది. ఎందుకు ఆపకూడదు, ఆపితే ఏమవుతుంది, ఎలా తగ్గించాలి. నీరసం, వాంతులు, కళ్ళు తిరగడం, బీపీ పడిపోవడం. అమ్మ నాలుగు రోజులూ చెప్పినవన్నీ వరసగా ఉన్నాయి. పెన్సిలు గీత అడ్డం ఉన్నా అక్షరాలు శుభ్రంగా కనిపిస్తూనే ఉన్నాయి. చదవడానికి ఏ అడ్డమూ లేదు.

వారం తర్వాత క్లాసులో లేచి సారుకు చెప్పాను, మనం కొట్టేసిన భాగంలోనే ఇది ఉంది సార్ అని. ఆయన నవ్వాడు. "పరీక్షకు రాదన్నాను గానీ, చదవొద్దన్నానా అమ్మా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మర్నాడు ఇంకో పాఠం, ఇంకొన్ని టిక్కులు. నేనూ పెట్టాను. కొట్టేయమన్నవి మాత్రం కొట్టేయలేదు. అంతకు మించిన ధైర్యం నాకు లేకపోయింది.

అమ్మ బతికింది. డాక్టరమ్మ అదే రకం మందును వేరే గోలీగా, పేరున్న షీటుతో రాసిచ్చింది. ఏ వారం ఎంత తగ్గించాలో కాగితం మీద గీసి ఇచ్చింది. విషం అని మోరీలో పారబోసిన ఆ రకం మందునే మళ్ళీ నా చేత్తో అమ్మకు ఇవ్వాల్సి వచ్చింది. మొదట ఒకటిన్నర, తర్వాత ఒకటి, తర్వాత బ్లేడుతో కోసి సగం.

మొదటి రోజు గోలీ పట్టుకుని, "అమ్మా, ఇదేం గోలీనో అడగవా?" అన్నాను.

"నాకెందుకు బిడ్డా? నువ్వు ఇస్తున్నవ్ గదా" అంది.

"ఆ షాపాయన గోలీలప్పుడు గూడ గిట్లనే అడగకపోతివి."

"అడగలే. ఆయనకు ఎరుక, నీకు ఎరుక. నాకేం ఎరుక?"

నాకు ఒళ్ళు మండింది. పేరు చెప్పాను, షీటు చూపించాను, ఎందుకు వేసుకోవాలో, ఎందుకు ఒక్కసారిగా ఆపకూడదో మొత్తం చెప్పాను. అమ్మ ఓపికగా విన్నది. విన్నంతసేపూ అరచెయ్యి చాపే ఉంది.

గోలీలు పూర్తిగా ఆగడానికి మూడు నెలలు పట్టింది. ఒక పూట ఎక్కువ ఇచ్చినా, తక్కువ ఇచ్చినా, అసలు వేరే గోలీ ఇచ్చినా అమ్మ అలాగే మింగేసి ఉండేది. ఇదేంటని ఒక్కసారైనా నన్ను అడుగుతుందేమోనని మూడు నెలలూ చూశాను. అడగలేదు.