నాపబండ ఏడ్చిన రోజు

మా చిన్నప్పుడు... మాచర్లలో మా వీధి వీధంతా నాపబండ పరిచిన ఇళ్ళే. ఎండాకాలం వీపు ఆనిస్తే హాయిగా ఉండేది.

ఆ ఏడు మా అన్నకు పెళ్ళయింది. వదినది మాచవరం. ఆమె కాపురానికొచ్చిన వారానికే తొలకరి మబ్బు పట్టింది. ఒకటే ఉక్కపోత... పొద్దున చూస్తే వసారాలో నేలంతా తడి. చినుకు పడలేదు, ఎవరూ నీళ్ళు ఒంపలేదు. తుడిస్తే మళ్ళీ చెమ్మ.

మా అమ్మ హడలిపోయింది. "ఇల్లు ఏడుస్తుందిరా... ఈ పిల్ల అడుగు పెట్టినాకే ఏడుస్తుంది!"

మధ్యాహ్నం బస్సుకు వదినను పుట్టింటికి పంపేయమంది. మా అన్న ఆమె ట్రంకుపెట్టె తెచ్చి గడప దగ్గర పెట్టాడు.

వదిన బతిమాలలేదు. కుండలో చల్లటి నీళ్ళు ఇత్తడి చెంబులో పోసి, బయట పొడిగా తుడిచి, పీట మీద పెట్టింది. కాసేపటికి చెంబు చుట్టూ చుక్కలు...

"అత్తా, ఈ చెంబు గూడా నన్ను చూసే ఏడుస్తుందా?"

"చిల్లి పడిందేమోనే!"

వదిన ఆ నీళ్ళలో పసుపు కలిపింది. చెంబు తుడిచింది. మళ్ళీ చుక్కలు పట్టాక అమ్మ చేతికి తెల్లగుడ్డ ఇచ్చింది. "నువ్వే తుడువు. చిల్లయితే పచ్చగా రావాలిగా!"

గుడ్డ తడిసింది... పచ్చబడలేదు.

"మరి యాడివే ఈ నీళ్ళు?"

"గాల్లోయి అత్తా. ఉక్కపోతప్పుడు గాల్లో తేమ చానా ఉంటది. చల్లటిదానికి తగిలితే నీళ్ళయిద్ది. చెంబూ చల్లనే, బండా చల్లనే."

"నీకెవరు చెప్పారే?"

"మా బళ్ళో పంతులు చెప్పాడు. నమ్మక నేనే చేసి చూశా."

అమ్మ అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. "అట్టయితే ఊళ్ళో ఇంకెవరిల్లూ ఏడవలేదేందే?"

గుమ్మంలో నిలబడి వింటున్న పక్కింటి బీబమ్మ పిన్ని గొంతు తగ్గించింది. "మా ఇంట్లో గూడా తడే అక్కా... ఎవరన్నా చూస్తే ఏమంటారోనని గోతాలు పరిచా."

అమ్మ విసవిసా వాళ్ళింటికి పోయి గోతాం ఎత్తి చూసింది. ఆ పక్కింట్లోనూ గోతాలే! ఎవరికి వాళ్ళు తమ ఇల్లొక్కటే ఏడుస్తుందనుకుని దాచుకున్నారు...

తిరిగొచ్చి అన్న మీద అరిచింది. "ఒరేయ్, ఏంది అట్టా నిలబడ్డావ్? ఆ పెట్టె లోపల పెట్టరా!" వదిన వైపు తిరిగి, "పసుపు దండగ చేస్తివి గదే" అంది. అంతే, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

నాకు చదువు అబ్బలేదు. కూడబలుక్కుని నాలుగు ముక్కలు రాస్తాను. అయినా ఎంతటివాడు ఏం చెప్పినా "ఏదీ, చూపించు" అని మొహానే అడుగుతాను. అది మా వదిన పెట్టిన చదువు.

ఇప్పుడు పొద్దున లేస్తే ఫోన్లో వంద వింతలు... పెద్ద చదువులవాళ్ళే నిజమో కాదో చూడకుండా పదిమందికి పంపేస్తున్నారు. ఆగి అడిగే మనిషే కరువయ్యాడు...

మీ ఇంట్లో అట్లా అడిగిన మనిషెవరు? అమ్మో, అత్తో, తాతో... చెప్పండి, వింటాను.