అమర్‌నాథ్ మోకాళ్లు

షామ్‌బర్గ్ తెలుగువాళ్ల ఫ్లాగ్ ఫుట్‌బాల్ జట్టులో పదహారేళ్లుగా బంతి విసిరేది అమర్‌నాథే. బంతిని చేత్తో విసురుతూ, నడుముకి కట్టిన రిబ్బన్ లాగి ఎదుటివాణ్ని ఆపే అమెరికా ఆట అది. ఇప్పుడతనికి నలభై తొమ్మిది. విసిరే ముందు వేళ్లను ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకుంటాడు. రెండు మోకాళ్లకీ పట్టీలే. ఇంట్లో వ్రతమైనా కుర్చీలోనే కూర్చుంటాడు. ఆటలో పడితే మాత్రం ఎవరు చేయి అందించినా పట్టుకోడు, తనే లేస్తాడు.

ఫైనల్లో అతను విసిరిన బంతి ఒక్కటీ మనవాళ్లకు అందలేదు. డిఫెన్స్ ఆడే తన్వి ఎదుటివాళ్ల పాస్‌ను మధ్యలో అందుకుని, చివరి గీత దాకా పరుగెత్తి తెచ్చిన ఆరు పాయింట్లే మొత్తం ఆటకి స్కోరు. అర నిమిషం ఉందనగా బంతి మళ్లీ అమర్‌నాథ్‌కి వచ్చింది. ఒక్కటైనా దూరంగా విసరాలని అతని చేయి లాగుతోంది.

"అంకుల్, త్రో చేయొద్దు. మోకాలు కింద ఆనించేయండి, ఆట ఆగినా టైమ్ అయిపోతుంది, గెలిచేస్తాం," అంది తన్వి మైదానం గీత అవతలి నుంచి.

అతను అలవాటుగా వేళ్లు తుడుచుకున్నాడు. బంతి అందగానే పళ్లు బిగబట్టి, మోకాలు మెల్లగా గడ్డికి ఆనించాడు. ఆట అక్కడే ఆగింది. గడియారం మాత్రం నడిచి సున్నాకి చేరింది. అందరూ తన్వి చుట్టూ మూగారు. అతనింకా మోకాలిమీదే ఉన్నాడు. తన్వి వాళ్లను తప్పించుకుని వచ్చి, ఎందుకైనా మంచిదని చేయి చాపింది.

"లేపమ్మా," అన్నాడు అమర్‌నాథ్.