విజయక్క ఫోటో మీ ఫోన్లోంచి తీసేయండి

నిన్న పొద్దున సింగపూర్‌లోని సెంబవాంగ్‌లో ట్రైన్ ఎక్కుతుంటే ఫోన్ వచ్చింది. విజయక్క ఇక లేదని.

నమ్మలేదు.

మొన్నీమధ్యే భోజనానికెళ్లిన హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి నాకు సీటు చోప్ చేసి, అంటే ముందే పట్టిపెట్టి, కూర్చుంది.

వాట్సాప్ తెరిచాను. ఐసీయూ మంచం మీద, నోట్లో ట్యూబుతో అక్క ఫోటో. దాని కింద పాస్‌పోర్ట్, హాస్పిటల్ రిపోర్ట్. మన తెలుగు గ్రూపులన్నిటిలో. “అందరికీ ఫార్వర్డ్ చేయండి” అని.

బాడీ ఇండియాకు పంపడానికి సాయం దొరుకుతుందని పెట్టారు. ఎవరి మనసులోనూ చెడు లేదు.

కానీ అది విజయక్క.

సైన్స్ పార్క్‌లో మా కంపెనీ ఆఫ్రికాలోని నమీబియా క్లినిక్‌లకు యాప్ చేస్తుంది. అక్కడి పేషెంట్ల వివరాలు బయటికి పోకుండా చూడటం అక్క పని. నమీబియాలో డేటా చట్టం అప్పటికింకా ముసాయిదాలోనే ఉంది.

“అక్కడ లా లేదు కదా, ఇక్కడి రూల్స్ ఎందుకు?” అన్నాడు మేనేజర్. ఆయనా మనవాడే.

అక్కది అనంతపురం. ఊరుకుంటుందా?

“చట్టం రాలేదని ఆ యమ్మలకు సిగ్గుండదా సార్? మనింటి ఆడోళ్ల రిపోర్టయితే ఇట్లే వదిలేస్తామా?”

వదిలేశారు.

ఒక గర్భిణి హెచ్ఐవీ రిపోర్ట్ బయటపడి వాళ్ల వీధంతా చేతులు మారింది. ఫిర్యాదు చేద్దామంటే వినే ఆఫీసే లేదక్కడ. ఆమె ఊరొదిలి పోయిందని క్లినిక్ నర్సు ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు అక్క అన్నం ముట్టలేదు.

ఆ గర్భిణి పేరు మాత్రం అక్క ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా.

నిన్న సాయంత్రం ఆంగ్ మో కియోలో అక్క ఫ్లాట్‌కి వెళ్లాను. కూతురు శ్రావ్య స్కూల్ యూనిఫాంలోనే ఉంది. ఆ ఫోటో ఉన్న తన ఫోన్ నా చేతిలో పెట్టింది.

“ఆంటీ, నా ఫ్రెండ్ వాళ్ల మమ్మీ కూడా చూసేసింది. అమ్మ హేట్స్ దిస్, యూ నో. టెల్ దెమ్ టు స్టాప్.”

శ్రావ్య పక్కనే కూర్చుని నా ఫోన్ తీశాను.

ఫోటో తీసేయమని గ్రూపుల్లో రాశాను. అందరూ సారీ అన్నారు. కాసేపటికి ఇంకో గ్రూపులో మళ్లీ అదే ఫోటో.

సింగపూర్‌లో చట్టం ఉంది. కానీ స్నేహితులు, చుట్టాలు ఫోన్లలో పంపుకునే వాటి జోలికి అది రాదు. అక్కే చెప్పింది నాకు.

అందుకే అడుగుతున్నాను. ఆ ఫోటో, పాస్‌పోర్ట్, రిపోర్ట్ ఇప్పుడే తీసేయండి. ఎవరికి పంపారో వాళ్లతోనూ తీయించండి. ఈ పోస్ట్‌కి నేను ఏ ఫోటో పెట్టలేదు.

వెళ్లిరా అక్కా. ఇక ఎవరి కళ్లూ పడని చోట నిమ్మళంగా నిద్రపో.