కాపలా చేప

విదేశంలో, గ్వెల్ఫ్ అనే ఊళ్ళో మా అమ్మాయి దుర్గ ఇంటి దగ్గర ఒక ఏరుంది. మే నెలలో ఒక పెద్దాయన మొలలోతు నీళ్ళలో నిలబడి, గాలంతో బాస్ అనే చేపను పట్టాడు. పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలోకే వదిలేశాడు.

"ఈయనకేమన్నా మతిపోయిందా? ఇంకోటి పడితే పులుసుకి ఇమ్మని అడగవే," అన్నాను.

దుర్గ ఇంగ్లీషులో అడిగింది. ఆయన నవ్వి, నీళ్ళ అడుగున రాళ్ళు చూపించి ఏదో చెప్పాడు.

"అది తండ్రి చేపటమ్మా. తల్లి ఆ రాళ్ళ మధ్య గుడ్లు పెట్టి వెళ్ళిపోతే, తండ్రే గార్డ్ చేస్తుందట. దాన్ని తీసుకెళ్తే పిల్లలు దక్కవట." చివరికొచ్చేసరికి దుర్గ గొంతు తగ్గిపోయింది.

దుర్గ నా కడుపులో ఉండగానే వాళ్ళ నాన్న గోదావరిలో వేటకెళ్ళి మునిగిపోయారు. ఆయన గురించి నా బిడ్డ అప్పటిదాకా ఏనాడూ అడగలేదు.

"నాన్న కూడా ఇలాగే నీళ్ళలోకి దిగేవాడా?" అంది.

"ఇంకా లోతుకి వెళ్ళేవారమ్మా," అన్నాను.