సగం గడ్డం సానుభూతి

వీధి చివర సెలూన్ నడిపే మనిషిని అందరూ అవతలాయన అనేవారు. సరిహద్దు అవతల నుంచి వచ్చాడని ఆ పేరు. వచ్చి ఏళ్ళు గడిచాయి, జుట్టు నెరిసింది, ఈ వీధి కుర్రాళ్ళలో సగం మందికి మొదటి క్రాపు చేసింది ఆయనే. అయినా అవతలాయనే. ఆ పిలుపుకి ఆయనా పలికేవాడు. పలక్కపోతే గిరాకీ పక్క సెలూన్‌కి పోతుంది మరి.

ఆయనకి రెండు పనులు వచ్చు. ఒకటి గడ్డం గీయడం, రెండు కబుర్లు చెప్పడం. రెండోదాని కోసం మొదటిదాన్ని ఎక్కడికక్కడ ఆపేసేవాడు. ఒక చెంప నున్నగా గీసి, కత్తి గాల్లో పట్టుకుని, అడిగినదానికి జవాబొచ్చేదాకా రెండో చెంప ముట్టుకునేవాడు కాదు. సగం గడ్డంతో ఎవడు లేచిపోతాడు చెప్పండి? అందుకే ఆ సెలూన్‌లో ఆయన మాట విననివాడు లేడు.

అలాంటి నోటికి ఒక కబురు దొరికింది, వినేవాళ్ళే దొరకలేదు. ఆయన పుట్టిన దేశంలో యుద్ధం మొదలైంది. సెలూన్ టీవీలో మాత్రం మరో యుద్ధం నడుస్తోంది. అది పెద్ద దేశాల యుద్ధం, దానికి పెద్ద బొమ్మలు, ప్రత్యేకంగా కట్టించిన సంగీతం. అవతలాయన యుద్ధం ఒక్కసారి వాతావరణ సూచన కింద చిన్న అక్షరాల్లో చీమల బారులా పాకి, ఇక కనబడలేదు. ఆయన ఉండబట్టలేక చానల్ ఆఫీసుకే వెళ్ళాడు.

"మీ యుద్ధానికి మంచి దృశ్యాలు లేవండీ," అన్నాడు అక్కడి వార్తల బాధ్యుడు, నిజంగానే బాధపడుతూ. "పైగా మా దగ్గర ఆల్రెడీ ఒక యుద్ధం నడుస్తోంది కదా. రెండోది పెడితే జనం కలగాపులగం చేసుకుంటారు. అది అయిపోనివ్వండి, చూద్దాం."

"అందాకా మా వాళ్ళని ఆగమని చెప్పనా?" అన్నాడు అవతలాయన.

"చెప్పగలిగితే మంచిదే," అన్నాడాయన. ఏం మనుషులో!

ఆయన చెల్లెలు ఆ దేశంలోనే ఉంది. బళ్ళో పంతులమ్మ, ఇప్పుడు బడి లేదు. ఇరుగుపొరుగుతో కలిసి నేలమాళిగలో తలదాచుకుంటోంది. కరెంటు వచ్చినప్పుడల్లా ఫోన్ చేసేది. "అక్కడ మా గురించి ఎవరైనా అనుకుంటున్నారా అన్నయ్యా?" అని ఒకసారి అడిగింది. ఏ అన్న మాత్రం లేదని చెప్పగలడు?

"అనుకోవడమేమిటే పిచ్చిదానా! టీవీ పెడితే మీరే. వీధి వీధంతా కన్నీరు మున్నీరవుతోంది," అనేశాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా, "ఇవాళ ఎవరేమన్నారు?" అని అడగడం మొదలుపెట్టింది. పచ్చి అబద్ధాలు చెప్పడానికి ఆయనకి మనసొప్పలేదు. అందుకని అయ్యోలు పోగుచేయడం మొదలుపెట్టాడు.

పద్ధతి తేలికే. బ్యాంకాయన తల వెనక్కి వాల్చి కూర్చునేవాడు. కత్తి సరిగ్గా కంఠమణి దగ్గరికి రాగానే, "నిన్న మా ఊళ్ళో బేకరీ కూలిపోయిందండీ, క్యూలో జనం ఉండగానే," అనేవాడు అవతలాయన. కత్తి కదిలేది కాదు.

"అయ్యో," అనేవాడు బ్యాంకాయన కళ్ళు మూసుకునే.

"వినబడలేదండీ, కాస్త గట్టిగా."

"అయ్యయ్యో!"

అప్పుడు కదిలేది కత్తి. ఆ సాయంత్రం చెల్లెలికి, "బ్యాంకాయన రెండుసార్లు అన్నాడే," అని చెప్పుకునేవాడు. అబద్ధం కాదుగా!

లొంగనివాడు ఒక్కడే, సెలూన్‌కి గది అద్దెకిచ్చిన షాపు ఓనరు. "మీ వాళ్ళంతేనయ్యా. పుట్టడమే కత్తి పట్టుకుని పుడతారు," అనేవాడు కత్తి కింద మెడ పెట్టుకుని మరీ. అవతలాయనకి ఒళ్ళు మండిపోయేది. చేతిలో కత్తి ఉన్నవాడు ఆ మాటకి ఏం జవాబు చెబుతాడు? గీసి, తువ్వాలుతో తుడిచి పంపేవాడు.

ఒక సెలవురోజు పొద్దున సెలూన్ కిటకిటలాడుతుండగా చెల్లెలు బొమ్మ కనిపించేలా ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మా కోసం బాధపడుతున్నవాళ్ళని ఒక్కసారి చూపించు."

టీవీలో ఒక సినిమా హీరో కుక్క తప్పిపోయిన కథ నిన్నటి నుంచీ నడుస్తోంది. అవతలాయన చప్పున టీవీ కట్టేశాడు. "మీకు దణ్ణం పెడతాను, కాస్త దిగులుగా కూర్చోండి," అని అందరినీ సైగలతో బతిమాలాడు. బ్యాంకాయన పెట్టిన మొహం చూస్తే పంటినొప్పి అనుకోవాలి. ఫోన్ ఒక్కొక్కరినీ దాటి, కుర్చీలో సగం నురగతో ఉన్న ఓనరు ముందుకొచ్చింది.

"ఇంతకీ మీది ఏ ఊరమ్మా?" అన్నాడు ఓనరు.

కొంప మునిగింది. అవతలాయన కళ్ళు మూసుకున్నాడు.

చెల్లెలు నవ్వింది. మెట్ల మీద ఉన్నట్టుంది, గొంతు తగ్గించింది. "నాకు ముందే తెలుసు అన్నయ్యా. మీ చానల్ ఇక్కడా వస్తుంది. కుక్క దొరికిందా?"

"తెలిసీ రోజూ ఎందుకు అడిగేదానివే?" అన్నాడు ఆయన, సిగ్గుతో చచ్చిపోతూ.

"నా కోసం కాదు. నువ్వు చెప్పిందంతా కిందకెళ్ళి వీళ్ళకి చెబుతాను. బ్యాంకాయన అయ్యయ్యో అన్నరోజు, పక్కింటి మామ్మ నాలుగు ముద్దలు తిన్నది. వీళ్ళకి మాత్రం తెలియనివ్వకు."

మెట్లు దిగి ఫోన్ అటు తిప్పింది. చీకట్లో దుప్పట్లు, పిల్లలు, అన్నీ ఇటే చూస్తున్న మొహాలు. ఒక ముసలావిడ ముందుకు జరిగి, "ఇవాళేమంటున్నారమ్మా వాళ్ళు?" అంది.

లోకంలో ఉన్న కబుర్లన్నీ తెలిసిన అవతలాయన ఓనరు వైపు చూశాడు. కత్తి ఎప్పుడో బల్ల మీద పెట్టేశాడు.

ఓనరు కుర్చీలోంచి లేచాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగగా, ఫోన్ దగ్గరికి వంగాడు.

"అయ్యో," అన్నాడు.

"వినబడలేదు నాయనా, కాస్త గట్టిగా చెప్పు," అంది ముసలావిడ.

ఓనరు మళ్ళీ అన్నాడు, వీధిలోకి వినబడేలా.