బాపు బిగించిన ఇరుసు

మా బాపు నన్ను మోసం చేశాడని ఇప్పటికీ అంటాను. పోయిన మనిషిని అట్లా అనకూడదని మా వాళ్లు నా నోరు మూయించబోతారు. ఎందుకు మూసుకోవాలి? మనిషి పోతే చేసిన మోసం కూడా పోతుందా?

జడ్చర్ల చౌరస్తా దగ్గర బాపుకు కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. రేకుల పందిరి, ఏడు సైకిళ్లు, ఒక పంపు, చైన్లు కడగడానికి గాసునూనె పోసిన సత్తు తాంబాళం. నా చిన్నతనమంతా ఆ తాంబాళం పక్కనే గడిచింది. తమ్ముడికి గ్రీజు వాసనే పడేది కాదు. నేను మాత్రం బడి విడవగానే పరుగెత్తుకొచ్చి గౌను మోకాళ్ల మీదికి లాక్కుని కూచునేదాన్ని. పంచర్ వేయడం, చైన్ లింకు తీయడం, చక్రం వంకర చూడడం, అన్నీ బాపు చెబుతుంటే నేను చేసేదాన్ని. ఎవరైనా నవ్వితే "నా బిడ్డ ముందట మగపోరగాండ్లు ఎందుకు పన్కొస్తరు?" అనేవాడు. ఆ మాటకు నేను ఉబ్బి తబ్బిబ్బయ్యేదాన్ని. పిచ్చి మొహాన్ని!

అరవైల మొదట్లో నర్సు ట్రైనింగు ముగించుకుని వస్తే దగ్గరి దవాఖానలోనే ఉద్యోగం దొరికింది. ఊళ్లు తిరిగి గర్భిణులను చూడాలి, కాన్పులు చేయాలి. ఆరు నెలలు పని చూసి పర్మనెంటు చేస్తామన్నారు. బస్సులు పెద్ద రోడ్డు దాటి లోపలికి పోయేవి కావు. అందుకని బాపే ఒక పాత లేడీస్ సైకిల్ తెచ్చి, విప్పి, రంగు వేసి, చీర కుచ్చిళ్లు చిక్కకుండా చైనుకు నిండు కవరు బిగించి ఇచ్చాడు. ఐదు నెలలు దాని మీదే తిరిగాను. మా వైపు బాటలు ఎట్లాంటివో తెలిసిందే, రాళ్లూ గుట్టలూ. చైన్ సాగిపోయింది, చక్రం పళ్లు అరిగిపోయాయి.

"ఇయ్యాల సైకిల్ దుకాణంల ఇడిసిపెట్టు బిడ్డా. చైను, పళ్ల చక్రం, ఎన్క ఫ్రీవీలు, పెడళ్ల నడుమ ఇరుసు, అన్నీ కొత్తయి ఏస్త" అన్నాడు ఒకరోజు. సాయంత్రానికి వేసేశాడు కూడా. ఏ సైకిల్ బాగుచేసినా తానే ఎక్కి చౌరస్తా దాకా ఒక చక్కర్ కొట్టి వచ్చాకే అప్పగించడం ఆయన పద్ధతి. ఆ రోజు మాత్రం గోడకు ఆనించి "తీస్కపో" అన్నాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

మరునాడు పొద్దున ఎక్కీ ఎక్కగానే కర్ కర్ మని మొదలైంది. పెడల్ తిరిగినప్పుడల్లా చైన్ ఎక్కడో రాసుకుంటోంది. ఎడమ కాలు కూడా ఎందుకో దూరంగా పడుతోంది. మైలు దాటకముందే చైన్ ఊడింది. ఎక్కించాను. మళ్లీ ఊడింది. చేతులు మసి, చీర మసి, కళ్లలో నీళ్లు. సైకిల్ నడిపించుకుంటూ ఊరు చేరేసరికి నేను చేయాల్సిన కాన్పు అయిపోయింది. తల్లీపిల్లా క్షేమం, అది మంత్రసాని పుణ్యం.

రెండు రోజులు అదే తంతు. మూడో నాడు డాక్టరమ్మ పిలిపించింది. ఆమెది కోస్తా వైపు, మాట మెత్తగానే ఉంటుంది. "చూడమ్మా, ఊళ్లకు టైముకు వెళ్లలేకపోతే చెప్పేయి. ఇంకో అమ్మాయి కాచుకుని ఉంది. సోమవారం దాకా చూస్తాను" అంది.

బాపు దగ్గర మొత్తుకున్నాను. ఆయన చైన్‌ను ఒకసారి వేలితో నొక్కి చూసి వదిలేశాడు. "ఏం కాలే. కొత్త చైను గదా, నాలుగు దినాలైతే అదే సల్లవడ్తది."

"నాలుగు దినాలల్ల నా నౌకరి పోతది బాపూ!"

"పోతే పోనీ తీయ్. వార్డు డ్యూటీ అడుక్కో. కూసున్న కాడ పని. గీ గుట్టలెంబడి ఏం తిరుగుతవ్?"

గుట్టలు తిరగమని సైకిల్ ఇచ్చిన మనిషే ఆ మాట అంటే ఏమనుకోను? అలసిపోయాడనుకున్నాను. ముసలితనం అనుకున్నాను. ఆయన మీద అనుమానం మాత్రం రాలేదు, ప్రమాణపూర్తిగా చెబుతున్నాను.

ఆదివారం అందరూ ప్రార్థనకు పోతుంటే కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోయాను. వాళ్లు మూల మలగగానే దుకాణం తెరిచాను. మొదట చైన్ కవరు సొట్టబోయిందేమోనని ఊడదీశాను. చప్పుడు తగ్గిందే గానీ పోలేదు. చైన్ ఫ్రేము గొట్టానికి రాసుకుంటోంది, రంగు లేచిపోయింది. వెనక చక్రం పక్కకు గుంజిందేమోనని వదులు చేసి మళ్లీ సరిగ్గా బిగించాను. అదే కర్ కర్. అప్పుడు సైకిల్ వెనక వంగి, ఒక కన్ను మూసి చూశాను. ముందు పళ్ల చక్రం, వెనక ఫ్రీవీలు ఒకే గీతలో ఉండాలి. ముందుది వేలెడు మందం లోపలికి ఉంది! ఓయమ్మా, ఇదేం చోద్యం అనుకుంటూ పెడల్ కాడలను పట్టి ఉంచే కాటర్ పిన్నులు సుత్తితో కొట్టి, ఎడమ వైపు ఇనుప గోళీల కప్పు విప్పి, ఇరుసు బయటికి లాగాను.

ఆ ఇరుసుకు ఒక కొన పొడుగు, ఒక కొన పొట్టి. పొడుగు కొన చైన్ దిక్కు ఉండాలి, అప్పుడే పళ్ల చక్రం ఫ్రేముకు ఎడంగా తిరుగుతుంది. తొందరలో తారుమారు కాకుండా బాపు ప్రతి ఇరుసుకు పొడుగు కొన మీద ఆకురాయితో చిన్న గీత పెట్టి మరీ బిగించేవాడు. దీనికీ గీత ఉంది. నున్నగా, కొత్తగా మెరుస్తోంది. ఆ కొన ఎడమ దిక్కున ఉంది.

పొరపాటైతే గీత ఎందుకు పెడతాడు? గీత పెట్టి, చూసి, తెలిసి తెలిసి తిరగేసి బిగించాడు. నాకు ఒళ్లంతా మండిపోయింది. ఏడుస్తూనే గోళీలు కడిగి, గ్రీజు పెట్టి, ఇరుసు సరైన దిక్కుకు తిప్పి బిగించి, చౌరస్తా దాకా చక్కర్ కొట్టి వచ్చాను. చైన్ కిక్కురుమనలేదు. నా నౌకరి నాకు దక్కింది.

బాపు ప్రార్థన నుంచి వచ్చేసరికి సైకిల్ పందిరి ముందే నిలబెట్టాను. చూడగానే ముఖం దించుకున్నాడు.

"ఎందుకు జేసినవ్ బాపూ?"

"తమ్మునికి కల్వకుర్తి సంబంధమొచ్చింది. మీ ఆడివిల్ల సైకిలెక్కి ఊర్లు తిరుగుతదంట గదా అని వాళ్లు ఎన్కకు ముందుకైతున్రు. బంద్ చెయ్యమంటే నువ్వినవు. సైకిలే సతాయిస్తే నువ్వే ఇడిసిపెడ్తవనుకున్న."

"ఇరుసు తిరగేస్తే నాకు దొరకదనుకున్నవా? నువ్వు నేర్పిన పనే గదా!"

బాపు తలెత్తి నా మసి చేతుల వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, సిగ్గు కూడా లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఇరుసు దాంక ఇప్పుతవనుకోలే బిడ్డా. ఆడివిల్లవు, సిన్నప్పుడు ఏదో ఆటకు నా పక్కన కూసున్నవనుకున్న. నీకు పని ఒచ్చిందని నాకేమెరుక?"